పెరటి కెమెరా, హాలు కెమెరా: ఏడాది పైన వాడాక నా అభిప్రాయం

అంబాజీపేట దగ్గర మా ఊళ్ళో అమ్మ ఒక్కతే ఉంటుంది. ఆవిడకు డెబ్బయ్యెనిమిదేళ్ళు. నేను కాకినాడలోనూ, తమ్ముడు హైదరాబాదులోనూ ఉంటున్నాము. ఇంటి వెనక ఎకరం పైచిలుకు కొబ్బరితోట ఉంది. దింపు తీయించిన కాయలు, వర్తకుడు వచ్చి లెక్క చూసుకుని పట్టుకెళ్ళేదాకా నాలుగైదు రోజులు పెరట్లోనే రాశిగా పడి ఉంటాయి. 2024 వేసవిలో వరసగా రెండు దింపుల్లోనూ రాశి తరిగింది. రెండోసారి నూట యాభై కాయల దాకా తేడా వచ్చింది. అదే రోజుల్లో అమ్మ నూతి చప్టా మీద జారిపడి మోకాలు కొట్టుకుంది, ఆ సంగతి మాకు మూడో రోజున గాని చెప్పలేదు. ఈ రెండు కారణాల వల్ల ఆ ఏడాది దసరాకు ముందు మూడు వైఫై కెమెరాలు పెట్టించాము. వీధి గుమ్మానికి ఒకటి, పెరటికి ఒకటి, హాలులో ఒకటి. కెమెరాలు, మెమరీ కార్డులు, తీగలు, బిగింపు కూలి అన్నీ కలిపి 11,600 రూపాయలు అయింది. నేను చెప్పదలచుకున్నది ఏ కంపెనీ కెమెరా కొన్నవారికైనా పనికొచ్చేదే కాబట్టి కంపెనీ పేరు గాని, కొట్టు పేరు గాని రాయడం లేదు.

ముందు వస్తువు సంగతి. పగటి బొమ్మకు వంక పెట్టలేను. గుమ్మం దగ్గర నిలబడిన మనిషి ముఖమే కాదు, చేతిలోని సంచి మీది అక్షరాలు కూడా చదవగలిగేటంత స్పష్టంగా ఉంటుంది. రాత్రిపూట పదిహేను అడుగులు దాటితే మనిషి ఉన్నట్టు తెలుస్తుంది గాని ఎవరో పోల్చుకోలేము. మోటారు సైకిలు దీపం సూటిగా పడితే నంబరు పలక తెల్లటి మచ్చలా మిగులుతుంది. చీకటి పడ్డాక కెమెరా చుట్టూ పురుగులు మూగుతాయి, ఆ పురుగుల కోసం సాలీడు అద్దం ముందే గూడు కడుతుంది, ఆ గూడు గాలికి ఊగినప్పుడల్లా పెరట్లో ఎవరో కదిలారని నా ఫోను మోగుతుంది. కొబ్బరి మట్టలు కదిలినా అంతే. మొదటి వారంలో ఒక్క రాత్రి 83 సార్లు మోగింది. మనుషుల కదలికకు మాత్రమే మోగేటట్టు యాప్‌లో మార్చాక రాత్రికి అయిదారుకు దిగింది. సాలీడు గూడుకు మాత్రం వారానికోసారి ఈనెల చీపురే మందు. మా గాలిలోని చెమ్మకు బిగింపు మరలు ఎనిమిది నెలలకే తుప్పు పట్టాయి కాబట్టి, కొనేవారు స్టెయిన్‌లెస్ స్టీలు మరలు అడిగి మరీ వేయించుకోవాలి. కాయలు పోవడం ఆగిపోయింది. డబ్బు పెట్టిన పని నెరవేరిందా అని అడిగితే నెరవేరిందనే చెబుతాను.

అయితే ఈ సమీక్ష రాయాలనిపించింది బొమ్మ నాణ్యత గురించి కాదు. బిగించడానికి వచ్చిన కుర్రాడు పనిమంతుడు, మర్యాద తెలిసినవాడు. పెరటి కెమెరాను మేడ పిట్టగోడకు బిగించి, "ఎత్తులో ఉంటే రెండు పెరళ్ళూ వచ్చేస్తాయండి, మీకే మంచిది" అన్నాడు. నేనూ సరేనన్నాను. నాలుగో రోజు సాయంత్రం పక్కింటి పిన్ని తోట గట్టు మీద నుంచి పిలిచి, "అమ్మాయీ, ఆ పైనున్నది మా దడిలోకి గాని చూడట్లేదు కదా? మా కోడలు నాలుగు రోజుల్నుంచీ తెల్లారకుండానే నీళ్ళోసుకుంటంది" అని అడిగింది. ఆవిడ గొంతులో కోపం లేదు, మొహమాటం ఉంది. ఫోను తెరిచి చూశాను. మా కాయల రాశి బొమ్మలో కింద ఒక మూలన ఉంది. సగానికి పైగా వాళ్ళ పెరడే. కొబ్బరాకు తడికెలతో కట్టుకున్న, పైకప్పు లేని స్నానాల దడి, అందులో గోలెం అంచు, అంచు మీద బోర్లించిన చెంబు, తడిక మీద వేసిన తువ్వాలు అన్నీ విడివిడిగా కనబడుతున్నాయి. నేల మీద నడిచే ఏ మనిషి కంటా పడకుండా ఉండేందుకు కట్టుకున్న దడి అది. నాలుగు రోజులుగా దాని బొమ్మ మా కార్డులో పడుతోంది. యాప్ ఉన్న నలుగురం, అంటే నేనూ, మా ఆయనా, తమ్ముడూ, మరదలూ, ఎప్పుడు తెరిచినా చూడగలిగేటట్టుగా ఉంది.

ఆ పూటే కార్డు తీసి పిన్ని ఎదుటే చెరిపేశాను. మర్నాడు కెమెరాను దించి నూతి పక్క స్తంభానికి ఏడడుగుల ఎత్తున, రాశి వైపు మాత్రమే చూసేటట్టు బిగించాము. అప్పటికీ ఒక అంచున వాళ్ళ దడి మూల తగులుతుంటే, బొమ్మలో కోరిన భాగాన్ని నల్లగా కప్పేసే ప్రైవసీ ఏరియా అనే సదుపాయం యాప్‌లో కనబడింది. అది కప్పాక ఫోను పిన్ని చేతికే ఇచ్చి చూడమన్నాను. ఈ సదుపాయం ఉన్న కెమెరానే కొనమని నా గట్టి సలహా. కొట్టువాళ్ళు ఎన్ని మెగాపిక్సెళ్ళో చెబుతారు గాని దీని మాట ఎత్తరు.

దీన్ని ఇరుగుపొరుగు సర్దుబాటు అని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. ఎవరూ చూడరని నమ్మే చోట ఏకాంతంలో ఉన్న స్త్రీని చూడటం గాని, చిత్రించడం గాని భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను ప్రకారం నేరం. మొదటిసారి నేరం రుజువైతే ఏడాదికి తగ్గకుండా మూడేళ్ళ వరకు జైలుశిక్ష ఉంటుంది. 2024 జూలై 1కి ముందు ఇదే నేరం భారత శిక్షాస్మృతిలో 354-సి సెక్షనుగా ఉండేది. మా ఉద్దేశం కాయల కాపలాయే. అయినా ఆ ఇంటి కోడలు నాలుగు రోజులు చీకట్లో స్నానం చేయవలసి వచ్చింది.

ఈ మాట చెప్పినప్పుడు మా బంధువుల్లో ఒకాయన "మన గోడ, మన కెమెరా, మనిష్టం" అన్నారు. ఇంకొకావిడ "తప్పు చేయనివాళ్ళకు భయమెందుకు?" అన్నారు. రెండో మాట ఈ మధ్య చాలామంది నోట వింటున్నాను, విన్న ప్రతిసారీ బాధగా ఉంటుంది. స్నానం చేయడం తప్పు కాదు, తల విరబోసుకుని వాకిట్లో కూర్చోవడం తప్పు కాదు, గిన్నెలు తోముతూ తనలో తాను మాట్లాడుకోవడం తప్పు కాదు. వీటిలో ఏదీ ఇంకొకరి ఫోనులో పడాలని ఎవరూ కోరుకోరు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, వ్యక్తిగత గోప్యత రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని ఏకగ్రీవంగా చెప్పింది. ఆ కేసు ఆధార్ విషయంలో ప్రభుత్వం మీద వేసినది, పొరుగింటి కెమెరా మీద కాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా, ఒక మనిషి తన సొంత, ఇంటి అవసరాల కోసం వాడుకునే సమాచారానికి తాను వర్తించనని చెబుతుంది. జనం పోగయ్యే చోట్ల కెమెరాలు పెట్టి తీరాలని చెప్పడానికి మన రాష్ట్రంలో 2013 నుంచి ఒక చట్టం ఉంది గాని, రెండు ఇళ్ళ మధ్య దడి దగ్గర కెమెరా ఎటు చూడాలో చెప్పే చట్టం, వ్యవహారం నేరం దాకా పోయేవరకూ, దాదాపు లేనట్టే. కాబట్టి బిగించే రోజునే పక్కింటివారిని పిలిచి బొమ్మ చూపించాలని నేనంటాను. పది నిమిషాల పని.

ఇక హాలు కెమెరా. దీని విషయంలో నేను చేసింది పొరపాటని ఇప్పుడు నిస్సంకోచంగా ఒప్పుకుంటాను. అమ్మ పడిపోతే తెలుస్తుందని పెట్టాము. పెట్టే ముందు ఆవిడను అడగలేదు. పెట్టాక "నీ మంచికేనమ్మా" అని చెప్పాము. నలుగురి ఫోన్లలో ఆవిడ హాలు కనబడేది. ఆవిడ దగ్గరున్నది బటన్ల ఫోను. ఎవరు ఎప్పుడు చూస్తున్నారో ఆ ఇంటి యజమానురాలికే తెలియదు. కెమెరాలో స్పీకరు కూడా ఉంది. ఒకరోజు మధ్యాహ్నం తమ్ముడు అందులోంచి "అమ్మా, మాత్ర వేసుకున్నావా?" అని పలకరిస్తే, కునుకు తీస్తున్న ఆవిడ ఉలిక్కిపడి లేచి, వీధి తలుపు తీసి చూసింది. ఆ దృశ్యం కార్డులో ఉంది, నేను చూశాను. తలుపు తీసి, చెంగు భుజం చుట్టూ కప్పుకుని, ఎవరూ లేని వీధిలోకి కాసేపు చూసి లోపలికి వచ్చింది.

అంతకన్నా నాకు ఎక్కువ తగిలింది ఫోను మాటలు తగ్గిపోవడం. అంతకు ముందు రోజూ రాత్రి ఎనిమిదింటికి మాట్లాడుకునేవాళ్ళం. ఏం కూర వండింది, కాలువకు నీళ్ళు వదిలారా, ఎవరింటికి పేరంటానికి వెళ్ళింది, అన్నీ చెప్పేది. కెమెరా వచ్చాక, "పొద్దున్న ఎవరో వచ్చినట్టున్నారు?" అని నేనే అడిగేదాన్ని. రానురాను ఆవిడ "అన్నీ చూస్తూనే ఉన్నావు కదమ్మా, ఇంక నేను చెప్పేదేముంది?" అనడం మొదలుపెట్టింది. అమ్మ హాలులో కూర్చోవడం మానేసి పెరటి అరుగు మీదికి మకాం మార్చిందని, పాలు పోసే ఆవిడతో కూడా అక్కడే మాట్లాడుతోందని సంక్రాంతికి వెళ్ళినప్పుడు గాని నేను గమనించలేదు. ఫ్యాను కింద మంచం ఖాళీగా ఉంది. ఉమ్మడి ఇంట్లో ఉండే మిగతావారి సమ్మతి లేకుండా ఇంటి లోపలి భాగంలో కెమెరాలు నడపడం వారి గోప్యతను భంగపరచడమేనని కలకత్తా హైకోర్టు 2025లో ఒక అన్నదమ్ముల తగాదాలో తీర్పు చెప్పింది. దాని మీద వెళ్ళిన అప్పీలును సుప్రీంకోర్టు కూడా స్వీకరించలేదు. ఆ తీర్పు చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ ఖాళీ మంచమే.

సేవ గురించి ఒక హెచ్చరిక. కొట్టు కుర్రాడు యాప్‌ను తన ఫోన్ నంబరుతోనే నమోదు చేసి, మాకు చూసే అనుమతి మాత్రం పంపించాడు. పదకొండు రోజుల తరవాత యాప్‌లో 'యజమాని' అన్న చోట నాకు తెలియని నంబరు చివరి అంకెలు చూసి అడిగితే, పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్ళు ఇబ్బంది పడకుండా అందరికీ ఇలాగే చేస్తామని చెప్పాడు. అతనికి దురుద్దేశం ఉందని నేననుకోవడం లేదు. కాని మా అమ్మ హాలు పదకొండు రోజులు ఒక కొట్టువాళ్ళ ఫోనులో తెరుచుకునే స్థితిలో ఉంది, వాళ్ళు బిగించిన ఇళ్ళన్నీ అదే స్థితిలో ఉన్నట్టే. కెమెరా వెనకనున్న చిన్న బొత్తాన్ని నొక్కిపట్టి పాత నమోదు చెరిపించి, నా నంబరుతో కొత్తగా నమోదు చేసి, పాస్‌వర్డ్ మార్చాను. బిగించే మనిషి నిచ్చెన దిగి వెళ్ళకముందే మీ చేతులతో ఈ పని చేసుకోండి. కొత్తగా కొనేవారు ఇంకొకటి అడగవచ్చు: మన దేశంలో అమ్మే సీసీటీవీ కెమెరాలకు సమాచార భద్రత పరీక్షలను కేంద్రం 2025 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేసింది, ఆ ధ్రువీకరణ ఉన్న సరుకేనా అని రసీదు రాయకముందే అడగండి.

కెమెరా మీద ఎంతవరకు ఆధారపడవచ్చో మొంథా తుపాను రాత్రి తెలిసింది. 2025 అక్టోబరు 28న అది నరసాపురం సమీపంలో తీరం దాటింది. కరెంటు సాయంత్రమే పోయి మూడు బొమ్మలూ నల్లబడ్డాయి, కాసేపటికి నెట్ కూడా పోయింది. నేను కాకినాడలో ఆ నల్లటి తెర మీద వేలితో నొక్కుతూ కూర్చున్నాను. పదింటికి పిన్నిగారి అబ్బాయి ఫోను ఎలాగో తగిలింది. వాళ్ళ ఇల్లు తాటాకు కప్పు కావడంతో అమ్మే వాళ్ళందరినీ మా ఇంటికి రమ్మందట. కోడలు మా హాలులో చంటిపిల్లను పడుకోబెట్టి, అమ్మకు పాలు కాచి ఇచ్చిందట. ఇన్వర్టరు ఉండి, నెట్ నిలిచి ఉంటే బొమ్మ కనబడేదే. కాని ఆ కోడలి స్నానాల దడి మీదికి చూస్తున్న కెమెరాను మేము దించకపోయి ఉంటే, వాళ్ళు ఆ రాత్రి అంత చనువుగా మా గుమ్మంలోకి వచ్చేవారా అన్నది మాత్రం నేను చాలాసార్లు అనుకున్నాను.

వీధి కెమెరాను, పెరటి కెమెరాను కొనమనే చెబుతాను. హాలు కెమెరాను పెద్దవాళ్ళున్న ఇంటికి ఇప్పటి పద్ధతిలో కొనమని చెప్పను. మేము దాన్ని తీసేయబోతే అమ్మే వద్దంది. "ఉండనీండి, ఎప్పుడు వెయ్యాలో నాకు చెప్పండి చాలు" అంది. ఊళ్ళో ఎలక్ట్రీషియన్ని పిలిపించి, కెమెరా తీగకు ఆవిడ మంచం పక్కన, చెయ్యి చాపితే అందేటట్టు ఒక మామూలు స్విచ్చి పెట్టించాము. సామానుకు, కూలికి కలిపి 220 రూపాయలు. రోజుల తరబడి అది ఆపేసే ఉంటుంది. ఈ శీతాకాలంలో ఆవిడకు రెండు రోజులు జ్వరం తగిలినప్పుడు, రాత్రి ఎనిమిదింటికి తనే ఫోన్ చేసి, "కెమెరా వేశానమ్మా, పడుకోబోయే ముందు ఒకసారి చూసుకో" అని చెప్పింది. మూడో రోజున ఒళ్ళు చల్లబడగానే తనే ఆపేసింది.