బెజవాడలో కచేరీ ఎక్కడ వినాలి

కచేరీ కోసం బెజవాడ వచ్చేవాళ్ళు ముందుగా అడిగేది తుమ్మలపల్లి కళాక్షేత్రానికి దారి. ఆటో అబ్బాయికి "కళాక్షేత్రం" అంటే చాలు, తీసుకెళ్ళి దింపేస్తాడు. బందరు కాలువ పక్కన, పండిట్ నెహ్రూ బస్టాండు నుంచి నడిచి పోగలిగినంత దూరంలోనే ఉంది. నగరపాలక సంస్థ హాలు. పూర్తి పేరు తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం. క్షేత్రయ్య 17వ శతాబ్దపు పదకర్త, పక్కనే ఉన్న కృష్ణా జిల్లా మొవ్వ ఊరివాడు. మువ్వగోపాలుడి మీద పదాలు కట్టి మధుర, తంజావూరు, గోల్కొండ దర్బారుల దాకా వెళ్ళాడు. కృష్ణ ఒడ్డున కట్టిన హాలుకు ఇంతకంటే తగిన పేరు దొరకదు.

అయితే ఈ ఊరి సంగీతం పుట్టింది ఆ హాల్లో కాదు. దాని పుట్టిల్లు సత్యనారాయణపురం. స్టేషనుకు అవతల, ఒకప్పుడు రైలు పట్టాలున్న చోట ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డు పడిన పేట. చరిత్ర తెలుసుకోవాలని వచ్చేవాళ్ళు అక్కడి నుంచే మొదలుపెట్టాలి. హాలు చూసి తిరిగిపోతే సగమే చూసినట్టు.

గురుపరంపర ఇలా వస్తుంది. త్యాగరాజస్వామి దగ్గర మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన దగ్గర సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన దగ్గర పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. పంతులుగారు బెజవాడలో కూర్చుని పిల్లలకు చెప్పిన పాఠమే ఈ ఊరికి ఆస్తి. ఆయన శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఎనిమిదేళ్ళ వయసులో తొలి పూర్తి కచేరీ చేసింది ఇక్కడి ఆరాధన ఉత్సవ వేదిక మీదే. మురళీకృష్ణ అన్న పేరుకు ముందు "బాల" చేర్చినవారు హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణ మూర్తి భాగవతార్. ఆ పరంపరలోనే వయొలిన్ నేర్చిన అన్నవరపు రామస్వామిగారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. కాగితం మీది వంశవృక్షంలా కనిపించే ఈ వరుసంతా బెజవాడలో చెవికి తెలుస్తుంది. త్యాగరాజ కృతిని ఇక్కడివాళ్ళు సాహిత్యం విరగకుండా, తెలుగు మాట తెలుగు మాటగా వినపడేలా పాడతారు.

ఇక్కడ వినడానికి మంచి సమయం త్యాగరాజస్వామి సమాధి చెందిన తిథి పుష్య బహుళ పంచమి చుట్టూ వచ్చే రోజులు, అంటే జనవరి, ఫిబ్రవరి నెలలు. సత్యనారాయణపురం శివరామకృష్ణ క్షేత్రంలో ఆరాధనోత్సవాలు జరుగుతాయి. గుడి ప్రాంగణం, పెద్ద హాలేమీ కాదు. త్యాగరాజస్వామి పంచరత్న కృతులు ఐదూ నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల వరుసలో గోష్ఠిగా, అంటే అందరూ కలిసి పాడతారు. దాదాపు గంట పడుతుంది. కలిసి పాడాలనుకుంటే పుస్తకం తెచ్చుకోండి, అంతకంటే ముఖ్యం, తాళం వేసేవారి చెయ్యి కనిపించే చోట కూర్చోండి. గోష్ఠిలో ఎప్పుడూ వచ్చే చిక్కు కాలం జారడం. వెనక కూర్చున్నవాళ్ళకు ముందు వరుస గొంతు, స్పీకరు గొంతు ఒకేసారి చేరవు. వాళ్ళు చెవికి చేరిన దాన్ని పట్టుకుని పాడితే కాస్త వెనకబడతారు, వరాళి దగ్గరకొచ్చేసరికి ఆ జారుడు బాగా తెలిసిపోతుంది. ఆడగొంతులకూ మగగొంతులకూ ఒకే శ్రుతి పెట్టడంతో ఎవరికో ఒకరికి పై స్థాయి అందదు. అందనప్పుడు కింద స్థాయిలో పాడండి, గొంతు బిగించి లాగితే పక్కవాళ్ళ శ్రుతి కూడా చెడుతుంది.

పేటలో చూడదగ్గ రెండో చోటు దుర్గాపురంలోని ఘంటసాల వేంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల. దీనికి తొలి ప్రిన్సిపాల్ బాలమురళీకృష్ణే. పాఠాలు జరిగే చోటు, కాబట్టి అడిగి లోపలికి వెళ్ళడం మర్యాద. విద్యార్థుల కచేరీ ఉన్న రోజు తెలుసుకుని వెళితే ఇంకా మంచిది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బందరు రోడ్డు మీద పున్నమ్మతోటలో ఉంది. తెల్లవారుతూనే ఇళ్ళలో వినిపించే భక్తిరంజనికి రూపం వచ్చింది ఈ కేంద్రంలోనే. రేడియో కేంద్రం లోపలికి ఊరికే పోనివ్వరు. ఆహ్వానిత శ్రోతల ముందు జరిగే కచేరీల సంగతి రేడియోలో చెబుతారు, అది విని వెళ్ళాలి.

మళ్ళీ కళాక్షేత్రం దగ్గరికి వద్దాం. ఇది సంగీతానికి మాత్రమే కట్టుకున్న సభ కాదు. నాటకాలు, కూచిపూడి ప్రదర్శనలు, బడుల వార్షికోత్సవాలు, సన్మాన సభలు, అన్నిటికీ అదే వేదిక. 2023 డిసెంబరు 10 నుంచి 12 వరకు జరిగిన కృష్ణవేణి సంగీత నీరాజనం ఉత్సవానికి కూడా ప్రధాన వేదిక ఇదే. నృత్యానికి, పద్యనాటకానికి ఈ హాలు చక్కగా సరిపోతుంది. వేదిక వెడల్పుగా ఉంటుంది, ఎక్కడ కూర్చున్నా అడుగులు కనిపిస్తాయి. ఒంటరి వీణకో, మెల్లగా పాడే గాత్రానికో మాత్రం అంత పెద్ద హాలు అనుకూలం కాదు, మైకు లేనిదే వెనక వరుసకు ఏదీ చేరదు. ఆ మైకు ఎవరి చేతిలో ఉందన్న దాన్ని బట్టే కచేరీ నిలబడుతుంది.

మామూలుగా జరిగే పొరపాటు ఒకటుంది. నాటకాలకు, మీటింగులకు అలవాటైన సౌండు వాళ్ళు గాయకుడి మైకులో బాసు పెంచుతారు, ప్రతిధ్వని కలుపుతారు. మాట గుండ్రంగా మోగుతుంది కానీ సాహిత్యం తెలియదు. వేదిక మీది మోనిటరు, అంటే గాయకుడు తన పాట తాను వినడానికి పెట్టే స్పీకరు, ఆయన మైకు వైపు తిరిగి ఉంటే కూత మొదలవుతుంది, దాన్ని ఆపడానికి మొత్తం సౌండు తగ్గించేస్తారు, అప్పుడు వయొలిన్ మునిగిపోతుంది. కచేరీ పెట్టేవాళ్ళు ముందే అడగాల్సినవి కొన్నే: గాత్రానికి ఒక మైకు, వయొలిన్‌కు ఒకటి, మృదంగానికి రెండు వైపులా రెండు, తంబురాకో శ్రుతి పెట్టెకో ఒకటి. ప్రతిధ్వని వద్దని గట్టిగా చెప్పాలి. సౌండు సరిచూసుకోవడానికి కనీసం అరగంట, అదీ తెర లేవకముందు.

మృదంగం సంగతి ఇంకాస్త దగ్గరగా చూడాలి. ఎడమ మూతకు, అంటే తొప్పికి, వాయించేముందు రవ్వ తడిపి ముద్దగా పెడతారు. ఆ ముద్ద తడిగా ఉన్నంతసేపే గుంభనంగా పలుకుతుంది. ఏసీ గాలి సూటిగా తగిలితే గంటలో ఎండి పొరలుగా రాలిపోతుంది, నాదం పలచబడుతుంది. కుడి మూతది దీనికి తిరగబడిన కథ. కాలువ పక్కన, వానాకాలపు సాయంత్రం బయటి చెమ్మకు తోలు సడలి శ్రుతి దిగుతుంది, ఏసీలోకి తెచ్చాక ఆరి బిగుసుకుని పైకెక్కుతుంది. అందుకే తెలిసిన విద్వాంసుడు వాయిద్యాన్ని ముందే హాల్లోకి తెచ్చి ఆ గాలికి అలవాటు పడనిస్తాడు, ఆ తర్వాతే రాయీ పుల్లా తీసి శ్రుతి చేస్తాడు. మొదటి కృతి అయ్యాక ఆయన మళ్ళీ రాయి తీస్తే ఆలస్యమని విసుక్కోకండి, అది కచేరీని కాపాడే పని.

శ్రోతకు పనికొచ్చే సంగతులు. కరపత్రంలో సాయంత్రం 6 అని ఉంటే జ్యోతి ప్రజ్వలన, ప్రసంగాలు, శాలువాలు అయ్యాక గానీ శ్రుతి వినిపించదు. అయినా సమయానికే వెళ్ళండి, ప్రవేశం ఉచితమైన చోట ముందు వచ్చినవాళ్ళకే మంచి కుర్చీ. ముందు వరుసలు అతిథులకు ఉంచుతారు, అక్కడ దక్కలేదని బాధపడక్కర్లేదు. సౌండు మిక్సరు ఎక్కడ పెట్టారో చూసి దానికి కాస్త ముందుగా, మధ్య దారికి దగ్గరగా కూర్చోండి. మిక్సరు దగ్గరి మనిషి వినేదే మీరూ వింటారు. పక్క గోడ దగ్గర ఒకవైపు స్పీకరే వినపడుతుంది.

పద్యనాటకం ఇష్టమైతే గాంధీనగర్ హనుమంతరాయ గ్రంథాలయం వేదికను మరిచిపోవద్దు. చిన్నది, నటుడి గొంతు నేరుగా తాకుతుంది, హార్మోనియం మీద రాగం ఎత్తుకోగానే ముందు వరుసల్లోని పెద్దలు తల ఊపడం కనిపిస్తుంది. పద్యానికి కళాక్షేత్రం కంటే ఇదే మేలు. గుంటూరులో నాటకానికి శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరం ఉంది, 2023 డిసెంబరులో నంది నాటకోత్సవాలు అక్కడే జరిగాయి. సంగీతానికైతే బృందావన్ గార్డెన్స్ గుడి దగ్గరి అన్నమయ్య కళావేదిక. బెజవాడ బస్టాండు నుంచి గుంటూరుకు నాన్‌స్టాపులు వరుసగా ఉంటాయి, కానీ కచేరీ అయ్యాక అదే రాత్రి తిరిగొచ్చే ఆలోచన ఉంటే ఆఖరి బస్సు ఎప్పుడో వెళ్ళేటప్పుడే అడిగిపెట్టుకోవాలి.

బసకు గాంధీనగరే ఉత్తమం. స్టేషను దగ్గర, గ్రంథాలయం దగ్గర, కళాక్షేత్రానికి ఆటోలో కాసేపే, పొద్దున్నే బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ. రోడ్డు వైపు గది తీసుకుంటే హారన్లకు నిద్ర పట్టదు, వెనక వైపు గది అడగండి. నది చూస్తూ ఉండాలంటే భవానీపురంలో పర్యాటక సంస్థ వారి హరిత బెరంపార్కు హాయిగా ఉంటుంది, కచేరీలకు మాత్రం దూరం, రాత్రి తిరుగు ఆటోకు బేరం తప్పదు. దసరా రోజుల్లో, ముఖ్యంగా మూలా నక్షత్రం నాడు, కచేరీ కోసమని ఊళ్ళోకి దిగొద్దు. ఇంద్రకీలాద్రి రద్దీకి కాలువ పక్క దారులు మళ్ళిస్తారు, గదులు దొరకవు.

ఒక పూట మిగిలితే మొవ్వ వెళ్ళిరండి. ఉయ్యూరు, పామర్రు మీదుగా వెళ్ళే చల్లపల్లి బస్సెక్కి కూచిపూడిలో దిగితే అక్కడి నుంచి మొవ్వకు ఆటో దొరుకుతుంది. ఎక్కేముందు కండక్టరును "పామర్రు మీదుగానా, కరకట్ట మీదుగానా" అని అడగండి. కరకట్ట బస్సు ఏటి గట్టునే పోతుంది, కూచిపూడి తగలదు. మొవ్వలో వేణుగోపాలస్వామి గుడి మధ్యాహ్నం మూసి ఉంటుంది, పొద్దున్నే వెళ్ళేలా చూసుకోండి.