రాత్రి వంటకు యాప్: ఫ్రిజ్ చూసి చెప్పేదా, వారం ప్లాన్ వేసేదా?

కందిపప్పు ఉడికే టైమ్‌ను ఏ యాప్ తగ్గించలేదు. తగ్గించగలిగింది ఇవాళ ఏం వండాలన్న తర్జనభర్జన, సరుకు లేదని సందు చివరి కొట్టుకు పరుగు, నానబెట్టడం మరిచిపోయి పడే టెన్షన్.

యాప్ తయారు చేసేవాళ్లకు రెండు దారులున్నాయి. ఒకటి సూపర్‌కుక్ తరహా: ఇంట్లో ఉన్నవి చెబితే వాటితో అయ్యే వంటలు చూపిస్తుంది. రెండోది మీలైమ్ తరహా: ముందే వంటల ప్లాన్ వేసి, కొనాల్సిన సరుకుల జాబితా ఇస్తుంది.

మొదటిది చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, వాడటమే కష్టం. అరకట్ట తోటకూర మిగిలిందని, టమాటాలు రెండే ఉన్నాయని రోజూ ఎవరు ఎక్కిస్తారు? ఫొటో తీస్తే గుర్తుపడుతుందంటారా, మన ఫ్రిజ్‌లో సగం మూతపెట్టిన స్టీలు గిన్నెలే. పైగా సాయంత్రం ఏడింటికి శనగల కూర చూపించి ఏం లాభం? అవి నానడానికే ఏడెనిమిది గంటలు కావాలి. కూరగాయలు వాడిపోయి పారేసేది తగ్గుతుంది, అంతవరకు మేలే.

నా ఓటు ప్లాన్ యాప్‌కే, కానీ ఉన్నదున్నట్టు కాదు. అది ముందు వంట ఖాయం చేసి తర్వాత కొనమంటుంది. మన ఇళ్లలో చాలావరకు తిరగేసి జరుగుతుంది: రైతు బజారులో లేతగా కనిపించినవి, ధర దిగినవి తెచ్చుకుంటాం, వంట సంగతి ఆ తర్వాత. కాబట్టి సంచి ఇంటికొచ్చాకే ప్లాన్ మొదలవ్వాలి. తెచ్చిన కూరగాయల పేర్లు తెలుగులో నోటితో చెబితే చాలు. పప్పులు, పోపు సామాను ఉన్నాయనే యాప్ అనుకోవాలి. పాలకూర, తోటకూర మొదటి రెండు రోజులకు వేసి, బీర, దొండ మధ్యలో పెట్టి, కంద, బంగాళదుంప చివరికి ఉంచాలి. కార్తీకంలో ఉల్లి మానేసే ఇళ్లున్నాయి, శనివారం రాత్రి టిఫిన్‌తో సరిపెట్టే ఇళ్లున్నాయి. ఇవన్నీ ఒక్కసారి చెబితే గుర్తుంచుకోవాలి. శనివారం పెసరట్టయితే పొద్దున్నే పెసలు నానబెట్టమని మెసేజ్ రావాలి. అసలు టైమ్ కలిసొచ్చేది ఆ మెసేజ్ దగ్గరే.

చుట్టాలొస్తే ప్లాన్ చెడుతుంది, నిజమే. ఆ రోజు కూరను ఒక్క నొక్కుతో మర్నాటికి జరిపే వీలుంటే సరి. ప్లాన్ తప్పారని గుర్తుచేసే నోటిఫికేషన్లు మాత్రం వద్దు, ఆ పనికి ఇంట్లో ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. ఏదీ కుదరని రాత్రికి నానబెట్టే పనిలేని పెసరపప్పు, టమాటా చారు లాంటివి విడిగా ఒక జాబితాలో ఉంచాలి.