విడి కామిక్ కొనాలా, డబ్బాలో బిగించినదా?

అమెరికాలో పాత కామిక్స్ కొనేవాళ్లకీ అమ్మేవాళ్లకీ పేచీ వచ్చేది చాలావరకు ఒక్క అంకె దగ్గరే. పుస్తకం ఎంత బాగుందో చెప్పే, 0.5 నుంచి 10 దాకా ఉండే గ్రేడు అది. డీలరు 9.0 అంటాడు. కొన్నవాడు ఇంటికెళ్లి, వెన్ను మీద ముడతలు లెక్కపెట్టి, 7.5 కూడా రాదంటాడు.

విడి పుస్తకం చవక, పైగా తిప్పి చూసుకోవచ్చు. ఆ తిప్పి చూడటమే అసలు సంగతి. 1974లో వచ్చిన 'ఇన్‌క్రెడిబుల్ హల్క్' 181వ సంచికనే తీసుకోండి. వుల్వరిన్ అనే సూపర్‌హీరో పూర్తి స్థాయిలో కనిపించిన మొదటి సంచిక. లోపల పాఠకుల ఉత్తరాల పేజీలో 'మార్వెల్ వాల్యూ స్టాంపు' అని స్టాంపులా అచ్చేసిన చిన్న బొమ్మ ఉంటుంది. అప్పట్లో పిల్లలు దాన్ని కత్తిరించి దాచుకునేవాళ్లు. బయట అట్ట నిగనిగలాడుతున్నా, లోపల ఆ చోట కన్నం ఉంటే ధర అమాంతం పడిపోతుంది. ఆ పేజీ తీసి చూపించడానికి నసిగే డీలరు దగ్గర నేనైతే కొనను.

రెండో దారి, 2000లో మొదలైన సీజీసీ లాంటి సంస్థ గ్రేడు వేసి ప్లాస్టిక్ డబ్బాలో బిగించిన కాపీ. నీలం లేబుల్ అంటే మామూలుది, ఊదా లేబుల్ అంటే మరమ్మతు చేసింది. అట్ట మీద రంగు అద్దారా అన్న టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. కానీ ఫీజు, నిరీక్షణ తప్పవు. పేజీ తెరవాలంటే డబ్బా పగలగొట్టాలి. అదే కాపీని మళ్లీ పంపితే వేరే అంకె రావచ్చు కూడా.

చిన్న మొత్తాలకు విడిదే మేలు. లక్షల బేరమైతే డబ్బాదే, అదీ లేబుల్ మీది సర్టిఫికేషన్ నంబరు సరిచూసుకున్నాకే.