అమ్మ చుట్టింటి దగ్గర ఆగిపోయింది: ముట్టుకాడు, మామల్లపురంలో రెండు రోజులు

సంక్రాంతికి అమ్మ చెన్నై వచ్చింది. గొబ్బెమ్మలనూ గంగిరెద్దులనూ వదులుకుని మా మూడో అంతస్తు ఇంటికి వచ్చిన మనిషిని టీవీ ముందు కూర్చోబెట్టడానికి నాకు మనసొప్పలేదు. కనుమ మర్నాడు తిరువాన్మియూరులో మామల్లపురం (మహాబలిపురం) వైపు వెళ్లే బస్సెక్కి, ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర అనే ఆరుబయలు ప్రదర్శనశాల దగ్గర దిగాం. ఇక్కడ మంగళవారం సెలవు, ఆ సంగతి గుర్తుంచుకోండి.

1996లో తెరిచిన ఈ 10 ఎకరాల ప్రాంగణంలో దక్షిణాది పాత ఇళ్లు 18 ఉన్నాయి. చాలావాటిని పడగొట్టేయబోతుంటే కొని, దూలం దూలంగా విప్పి తెచ్చి, ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. ప్రాంగణానికి రూపకల్పన చేసినవారు వాస్తుశిల్పి లారీ బేకర్. చెట్టినాడు వర్తకుడి ఇల్లు, కేరళ కొయ్య ఇళ్లు, కర్ణాటకలోని ఇల్కల్ నేతగాళ్ల ఇల్లు అన్నీ బాగున్నాయి. ఫొటోలు తీసుకునేవాళ్లంతా చెట్టినాడు ఇంటి దగ్గరే ఉంటారు. మా అమ్మ మాత్రం ఆంధ్ర విభాగంలోకి వెళ్లాక ఇక కదల్లేదు.

అక్కడ విశాఖ ప్రాంతపు హరిపురం తీరులో కట్టిన చుట్టిల్లు ఉంది. గుండ్రటి మట్టి గోడ, తాటాకు కప్పు, వంగితే తప్ప లోపలికి పోనివ్వని చూరు. అమ్మది యలమంచిలి పక్క పల్లె. గోడ మీద అరచేయి ఆనించి, "తుపాను గాలికి పట్టుకోవడానికి మూల ఉండకూడదు, అందుకే గుండ్రం" అంది. కప్పు కింద మట్టితో మెత్తిన అటక ఎందుకో కూడా చెప్పింది: తాటాకు అంటుకున్నా లోపలి గింజలూ బట్టలూ మిగలాలని. బంగాళాఖాతం పక్కన బతికే జనం గాలికీ నిప్పుకూ చెప్పుకున్న జవాబు ఆ ఇల్లు. నేను అంతకు ముందు రెండుసార్లు వచ్చి, దాన్ని ముచ్చటైన గుడిసె అనుకుని దాటిపోయాను. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండని అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పక్కనే నల్లగొండ ప్రాంతపు కొయ్యలగూడెం ఇక్కత్ నేతగాళ్ల ఇల్లు. ఈ నేతలో బట్ట మీద అద్దకం ఉండదు. నేయకముందే నూలును కట్లు కట్టి రంగులో ముంచుతారు, మగ్గం మీద ఆ రంగులే బొమ్మలుగా కలుస్తాయి. ఆ ప్రాంతపు తేలియా రుమాలు అనే ఇక్కత్ గుడ్డ గురించి అమ్మకు చెప్పాను. ఆముదపు కాయల బూడిదా నూనే కలిపిన నీళ్లలో నూలును రోజుల తరబడి నానబెట్టి ఆరబెడతారు, అప్పుడే ఎరుపు నిలుస్తుంది. హిందీలో తేల్ అంటే నూనె, ఆ నూనె నుంచే ఈ పేరు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

పండుగ రోజులు కాబట్టి ముంగిళ్ల నిండా ముగ్గులు. బియ్యప్పిండితో వేసిన ఒక పెద్ద చుక్కల కోలం అంచున చీమలు బారు కట్టాయి, ఎవరూ వాటిని తోలలేదు. కుమ్మరి సారె దగ్గర పిల్లలు, తాటాకు చిలకలు అల్లే ఆవిడ దగ్గర మేము. ఆవిడ పచ్చి ఆకును నాలుగు మడతలు వేసి, తోకకు ముడి బిగించి అమ్మ చేతికిచ్చింది. అమ్మ దాన్ని విప్పి మళ్లీ అల్లింది, కాస్త వేరే తీరులో. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, అయినా అరగంట కూర్చున్నారు. ఇక్కడికి రెండు గంటల్లో చూసి పోదామని రాకండి, రోజంతా పెట్టుకోండి. జనవరిలో కూడా మధ్యాహ్నం ఎండ గట్టిగా ఉంటుంది, ఆ వేళకు ఇళ్ల లోపల ఉండేలా చూసుకోండి.

రాత్రికి మామల్లపురంలో గది తీసుకున్నాం. ఆ బస పేరు రాయను కానీ అనుభవం చెప్పాలి. సముద్రం కనిపిస్తుందన్నారు, కనిపించింది నీళ్ల ట్యాంకు. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి వస్తోందని రెండుసార్లు ఫోనులో చెప్పినా రెండో అంతస్తు ఇచ్చారు, లిఫ్టు లేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు కింది అంతస్తు గది అని రాతలో తీసుకోండి. దక్షిణచిత్ర ప్రాంగణంలోనే అతిథి గదులు ఉన్నాయి, మేము ఆలస్యంగా అడిగాం. భోజనం మాత్రం బస్టాండు దగ్గర ఒక చిన్న మెస్సులో దొరికింది. అరిటాకు, వేడి అన్నం, మిరియాల చారు. అమ్మ రెండోసారి చారు అడిగింది.

పర్యాటక శాఖ ఏటా డిసెంబరు చివర మొదలుపెట్టి జనవరిలోకి సాగించే నాట్యోత్సవం ఆ సాయంత్రమూ ఉంది. ఆరుబయట వేదిక, ఉప్పుగాలి, వెనక అలల చప్పుడు. మృదంగం ఆగినప్పుడల్లా సముద్రం వినిపించేది. శాలువా తీసుకెళ్లండి, గాలి చల్లగా ఉంటుంది.

అయితే మామల్లపురంలో నాకు అన్నిటికన్నా విలువైన గంట తెల్లవారి ఆరున్నరకు దొరికింది. అర్జున తపస్సు శిల్పం వీధి పక్కనే ఉంది, టికెట్టు లేదు, ఆ వేళకు జనమూ లేరు. కొందరు దాన్ని గంగావతరణం అంటారు. రాతి నడుమ చీలికలో నాగులు, ఒకప్పుడు పైనుంచి దాని గుండా నీళ్లు వదిలేవారట. ఏనుగు కాళ్ల మధ్య గున్నలు, వెనక కాలితో ముక్కు గోక్కునే జింక, ఒంటికాలి మీద దొంగ తపస్సు చేసే పిల్లి, దాని చుట్టూ ఎలుకలు. దేవతల కన్నా ఈ జంతువుల మీదే అమ్మ కళ్లు నిలిచాయి. పక్కన కృష్ణ మండపంలో పాలు పితుకుతుంటే ఆవు దూడను నాకుతూ ఉంటుంది. "చేపు రావాలంటే దూడ ఉండాలి, చెక్కినవాడు పాలు పితికినవాడే" అంది. పల్లవుల కాలపు శిల్పి గురించి ఇంతకన్నా మంచి మాట నేను వినలేదు.

తీర దేవాలయానికీ పంచ రథాలకూ కలిపి ఒకే టికెట్టు. రథాల దగ్గర ఎనిమిదిన్నరకే బస్సుల కొద్దీ జనం దిగారు, అమ్మ అలసిపోయింది, తొందరగా తిరిగొచ్చేశాం. దారి పొడవునా వీధుల్లో ఉలి చప్పుడు వినిపిస్తూనే ఉంది.

బస్సులో అడిగాను, నువ్వు చుట్టింట్లో ఎన్నేళ్లు ఉన్నావని. తను పుట్టేసరికే తాతగారు పెంకుటిల్లు వేశారట, చుట్టింట్లో పుట్టిపెరిగింది పెద్దమ్మ ఒక్కతేనట. ఇంటికి రాగానే పెద్దమ్మకు ఫోను చేశాం. వచ్చే సంక్రాంతికి ప్రాంగణంలోనే గది కావాలని ఈసారి ముందుగానే అడుగుతున్నాను, ముగ్గురికి.