డిష్‌వాషర్‌కు ఎక్స్‌టెన్షన్ బాక్సా, విడి లైనా?

హన్మకొండలో మా వంటింట్లో సింక్ పక్కన ఉన్నది ఒక్కటే 6 ఆంప్ సాకెట్, అదీ మిక్సీ కోసం పెట్టించింది. డిష్‌వాషర్ వచ్చాక రెండే దారులు: హాల్లోంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగడం, లేదా మెయిన్ బోర్డు నుంచి విడిగా లైన్ వేయించడం.

బాక్స్‌తో పది నిమిషాల పని, గోడ కొట్టక్కర్లేదు. కానీ హీటర్ నడిచేటప్పుడు మిషన్ దాదాపు 2000 వాట్లు లాగుతుంది. 230 వోల్టుల దగ్గర అది 9 ఆంప్‌లకు దగ్గర. 6 ఆంప్ బాక్స్ అయితే వైరు వేడెక్కి ప్లగ్గు కరగొచ్చు. పైగా సింక్ కింద ఎప్పుడూ తడే.

విడి లైన్‌కు ఖర్చు, దుమ్ము, ఎలక్ట్రీషియన్ కోసం ఎదురుచూపు తప్పవు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంప్ సాకెట్, దానికో ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్), కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ. సాకెట్‌ను మిషన్ వెనక కాకుండా పక్క అరలో, చేతికందేలా పెట్టించాం. అన్నిటికన్నా ముందు ఎర్తింగ్ చూపించుకోవాలి. మూడో పిన్ను ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. మాది పాత ఇల్లు. వైరైతే ఉంది, కానీ అది నేలలో కలిసే ఎర్త్ గుంత ఎండిపోయి సరిగా పనిచేయట్లేదు! దాన్ని బాగుచేయించి, మళ్లీ కొలిపించాకే ప్లగ్గు పెట్టాం.

నేనైతే విడి లైనే అంటాను. కొన్న బాక్స్ మా అత్తమ్మ కూలర్‌కు పోయింది.