ఫ్రోజెన్ మష్రూమ్స్: కరగనివ్వకుండా వండితేనే రుచి

తరిగిన ఫ్రోజెన్ మష్రూమ్స్ ప్యాకెట్ మొదటిసారి తెచ్చినప్పుడు ముక్కలన్నీ గిన్నెలో వేసి గంటసేపు కరగనిచ్చాను. చూస్తే అడుగున గోధుమరంగు నీళ్లు, పైన రబ్బరులా సాగే ముక్కలు. చాలా బాధేసింది. కానీ తప్పు సరుకుది కాదు. పుట్టగొడుగుల్లో 90 శాతానికి పైగా నీరే. గడ్డకట్టేటప్పుడు ఆ నీరు మంచు స్ఫటికాలై కణాలను చీల్చేస్తుంది. కరిగాక ఇక పట్టి ఉంచేదేమీ లేక నీరంతా బయటికొచ్చేస్తుంది.

ఇప్పుడు ఫ్రీజర్ నుంచి నేరుగా పెనం మీదికే. వెడల్పాటి పెనం బాగా కాలాక, నూనె లేకుండా, ముక్కలు ఒకదానిమీద ఒకటి పడకుండా పరుస్తాను. మంట పెద్దదే, మూత పెట్టను. ముందు నీళ్లూరుతాయి, కంగారు పడొద్దు, కాసేపటికి ఇగిరిపోతాయి. చిటపట మొదలయ్యాకే వెన్న, వెల్లుల్లి. ఉప్పు చివర్లో. అంచులు ఎర్రగా వేగుతుంటే వచ్చే వాసన నాకు ఎంతో ఇష్టం.

సూప్, ఆమ్లెట్, సాస్‌లకు ఇవి భేషుగ్గా ఉంటాయి. సూప్‌లోనైతే ఊరిన నీళ్లు కూడా రుచే, పారబోయకండి. సలాడ్‌కి మాత్రం తాజావే కొనండి.

కొనేముందు ప్యాకెట్ ఊపి చూడండి. ముక్కలు విడివిడిగా కదలాలి. ఒకే గడ్డగా ఉంటే మధ్యలో ఎక్కడో కరిగి మళ్లీ గడ్డకట్టి ఉండొచ్చు. రెండోసారి నాకు అలాంటిదే వచ్చింది, వెంటనే వెనక్కిచ్చేశాను.