దొండకాయల పుణ్యమా అని రైతుబజారు

అసలు కథ దొండకాయలతో మొదలైంది. యాప్‌లో అరకిలో పెడితే పది నిమిషాల్లో వచ్చేశాయి, పైకి నవనవలాడుతున్నాయి, తీరా కోస్తే సగానికి సగం లోపల ఎర్రగా పండిపోయి ఉన్నాయి. ఫోటో పెడితే డబ్బులు వెనక్కి వేశారు, కాదనను, కానీ పొద్దున్నే బాక్సులో ఏం పెట్టను? ఆ మాట అమ్మకి ఫోన్లో చెప్తే "బెజవాడలో ఉండి కూరగాయలు ఫోన్లో కొనడమేంటే, రైతుబజారుకి ఏమొచ్చింది" అని క్లాసు పీకింది.

నిజమే, చిన్నప్పుడు నాన్న స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని స్వరాజ్ మైదానం రైతుబజారుకి తీసుకెళ్ళేవారు, ఇప్పుడు 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఉంది చూడండి, ఆ చోటే. పెళ్ళయ్యాక ఆ అలవాటు ఎక్కడో పోయింది. సరే అని పోయిన నెల ఒక ఆదివారం మా ఇంటి దగ్గర్లో ఉన్న రైతుబజారుకి వెళ్ళా, అప్పట్నుంచి వారానికి రెండుసార్లు వెళ్తున్నా.

తెలియనివాళ్ళకి చెప్తున్నా, ఇవి ఉమ్మడి రాష్ట్రంలో 1999లో మొదలయ్యాయి, మధ్యలో దళారీ లేకుండా రైతే తెచ్చి అమ్ముకోవాలని. రైతుకి గుర్తింపు కార్డు ఇస్తారు, పొద్దున్నే ఆ రోజు రేట్లు గేటు దగ్గర బోర్డు మీద పెడతారు, రేటు హోల్‌సేల్ కంటే కాస్త ఎక్కువ, బయట బండి కంటే తక్కువ ఉండేలా చూస్తారు. నేను చేసిన మొదటి తప్పు ఆ బోర్డు చూడకపోవడం. ఒకతను టమాటా 40 అంటే ఇచ్చేశా, బయటికొస్తూ చూస్తే బోర్డు మీద 32. ఇప్పుడు లోపలికి వెళ్ళేముందే బోర్డు ఫోటో తీసుకుంటున్నా, ఎవరైనా ఎక్కువ చెప్తే ఫోన్ చూపిస్తే చాలు, ఇంక మాట్లాడరు.

ఆకుకూరలు అమ్మే మామ్మగారు ఒకావిడ ఉంది, పెనుమాక నుంచి తెల్లారకముందే ఆటోలో ప్రకాశం బ్యారేజీ దాటి వస్తానంది. తోటకూర కట్ట చేతిలోకి తీసుకుంటే ఇంకా వేళ్ళకి మట్టి తడిగా ఉంది. గోంగూర అడిగితే "పచ్చడికా పప్పుకా అమ్మాయ్" అని అడిగి, పచ్చడికి అన్నానని ఎర్రకాడది తీసిచ్చింది, పులుపు దాంట్లోనే ఎక్కువట. యాప్‌లో ఈ ప్రశ్న ఎవరడుగుతారు చెప్పండి. పక్క కొట్లో బెండకాయ ముదురో లేతో చూద్దామని కొస తుంచబోతే మాత్రం బాబాయ్ గట్టిగా కేకేశాడు, "తుంచకమ్మా, తుంచినవన్నీ నా మొహానే మిగుల్తాయి" అని. పాయింటే కదా, సిగ్గేసింది, ఆయన దగ్గరే కిలో కొన్నా.

కంద, అరటికాయ అమ్మే ఇంకొకాయన కృష్ణా నది లంకలో కౌలు చేస్తాడు. 2024 సెప్టెంబర్‌లో బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరదొచ్చింది కదా, మనం ఇక్కడ ఊళ్ళో బుడమేరు వాగు నీళ్ళతో అవస్థ పడుతుంటే అక్కడ ఆయన తోట మొత్తం మునిగిపోయిందట, కంద దుంపలు భూమిలోనే కుళ్ళిపోయాయట. ఇదంతా కంద చెక్క కోస్తూ మామూలుగా చెప్పుకుపోయాడు, బేరం ఆడాలనుకున్న నేను ఆడలేకపోయా.

డబ్బుల లెక్క చెప్పాలంటే వారానికి నాకు 150 దాకా మిగుల్తుంది, అది పెద్ద గొప్ప కాదు, ఆటో ఎక్కి వెళ్తే అందులో సగం దానికే పోతుంది. అసలు తేడా ఫ్రిజ్‌లో తెలుస్తుంది. ఇంతకుముందు కొత్తిమీర మూడో రోజుకి నల్లబడి చెత్తబుట్టలోకే, ఇప్పుడు వేళ్ళు కోసి గుడ్డలో చుట్టి పెడితే వారం వస్తోంది. పారేసేది తగ్గింది, అదే లాభం.

మరి అన్నీ బాగున్నాయా అంటే లేదు. బండి పెట్టుకోవడానికి చోటుండదు, నేలంతా తడి, ఆదివారం ఎనిమిది దాటితే కాలు పెట్టలేం. అక్కడున్న అందరూ రైతులేమీ కాదు, కొందరిని చూస్తేనే తెలిసిపోతుంది, అన్ని రకాలూ గుట్టలు పోసుకుని కూర్చుంటారు, ఒకడి దగ్గర బంగాళాదుంపలు కొంటే అడుగున నాలుగు మెత్తబడినవి వేశాడు. అయినా బంగాళాదుంప, క్యారెట్ మన చుట్టుపక్కల పండేవి కావు, వాటికోసం ఇంత దూరం రావక్కర్లేదు, ఎక్కడ కొన్నా ఒకటే. ఆకుకూరలు, దోసకాయ, పొట్లకాయ, వంకాయ, అరటికాయ, వీటికి మాత్రం తప్పకుండా రావాలి. వానాకాలంలో ఆకుకూరలు పలచగా ఉంటాయి, కార్తీక మాసంలో అన్నీ మండిపోతాయి, అది ఎక్కడైనా అంతే అనుకోండి.

నా రేటింగ్ 5కి 4. ఆ ఒకటి పార్కింగ్‌కి తీసేశా.

వెళ్ళేవాళ్ళు ఆరున్నరకల్లా వెళ్ళండి, రెండు గుడ్డ సంచులు, పదులూ ఇరవైలూ చిల్లర పట్టుకెళ్ళండి, ఫోన్‌పే కొందరి దగ్గరే ఉంది, మామ్మగారి దగ్గరైతే అసలు లేదు. కంద కొంటే అక్కడే చెక్కు తీయించుకోండి, నేను ఇంటికి తెచ్చి కోసుకుని చేతులు దురదెక్కి చింతపండు రాసుకుంటూ కూర్చున్నా.